నాలుగో సొరుగు

సజ్జ అంటే చేన్ల సజ్జ గాదు,
షార్జా దాటినంక
లారీల దుమ్ముల మా కంపెనీ క్యాంపుండే జాగ.
పదకొండో నంబరు రూముల
మంచం మీద మంచం, నలుగురం.
ఎవరో మిస్రీ సంసారం ఇల్లు ఖాళీ జేసి
కచరా డబ్బా పక్కన నిలవెట్టి పోయిన
డ్రెస్సింగ్ టేబులు మాది.
అద్దం లేదు. అద్దముండే చట్రంల
క్యాలెండరు తగిలిచ్చినం.
సొరుగులు నాలుగు, మనిషికొకటి.

గుంజితె ఒక్కోటి ఒక్కో తీరు మొత్తుకునేది.
పైది నాది, పిల్లికూన.
రెండోది షఫీక్‌ది, తడిసిన చెప్పు.
మూడోది లింబాద్రిది, పంటి కింద రాయి.
అట్టడుగుది సాయిలుది,
నీళ్ళడుగంటిన బాయిలకు చేద దించినట్టు
కీ...చుమని లోపల్దాంక.

లింబాద్రిది రాత్రి డ్యూటీ,
మాల్‌ల నేల తుడిచే మిషను నడుపుతడు.
ఆయనొచ్చి కన్ను మూసే యాళ్ళకే
మేం బనీన్లు ఎతుక్కుంటం, సాక్సులు ఎతుక్కుంటం.
ఒకనాడు దుప్పట్లకెల్లి అన్నడు:
"పాస్‌పోర్టుల కార్పెంటరనే ఉంది గద,
ఒక్క సొరుగు నోరు ముయ్యలేవా?"

తగిలింది.
కోరుట్లల మా చిన్నాయన చేతి కింద
తలుపులు జేసినోన్ని.
వానకాలం కట్టె ఉబ్బుతది,
దానికి గోరంత సందు ఇడువాలంటడు.
ఇక్కడ ఏడేండ్ల సంది షట్రింగు పని.
పలకలు కొట్టుడు, కాంక్రీటు ఎండేదాంక కాపలుండుడు,
ఎండినంక పీకి కుప్పేసుడు.
చిత్రిక పట్టి ఎన్ని దినాలాయెనో
బొటనవేలి కాయకే ఎరుక.

శుక్రారం షఫీక్ నమాజుకు వొయిండు.
పేపరు పరిచి నాలుగూ బయటికి గుంజిన.
ఇది కట్టె గాదు,
పొట్టుకు జిగురు గలిపి ఒత్తిన పలక.
అయినా దాని బాధ దానిదే.
పాత బనీనుతోని పట్టీలు తుడిసిన,
సందుల్ల సన్నటి ఇసుక, ఎవలదో జడపిన్ను,
సగం అరిగిన రబ్బరు.
స్క్రూ డ్రైవరు లేక దిర్హం బిళ్ళతోని బిగిచ్చిన.
కొవ్వొత్తి రుద్దిన, అది అయిపోతె
అరిగిన సబ్బుబిళ్ళ రుద్దిన.

సాయిలు సామాను మంచం మీద పెట్టినప్పుడు
లుంగీల మడతల్లకెల్లి ఒక కాగితం జారింది.
పెన్సిలుతోని గీసిన పాదం.
బూట్లు దెమ్మని ఇంటికాడ
బిడ్డ కాలు పెట్టిచ్చి గీసిన కొలత.
మడతల కాడ చినిగింది.
నా అరచేతిల సగం లేదు.
మూడేండ్లాయె ఆయన వచ్చి.
మళ్ళ ఎట్లుండెనో అట్లనే పెట్టిన.

ఆ రాత్రి నుంచి రూము సల్లవడ్డది.
వెన్నల వేలు దిగినట్టు సొరుగులు.
లింబాద్రి నాకు చాయ్ తాగిపిచ్చిండు.
నేను గూడ రెండు దినాలు ఛాతి ఇరిసి తిరిగిన.

మూడో రాత్రి దూపయి లేస్తె
చీకట్ల సాయిలు కింద కూసున్నడు,
సొరుగు బార్లా తెరిసి,
ఫోను ఎలుగు కాగితం మీద.
ఎంత సేపాయెనో, ఎవనికీ ఇనవడలేదు.
ముందు ఆ కీచు రాంగనే
పై మంచం మీదికెల్లి షఫీక్ అడిగేది:
"సోయా నహీ, సాయిలు భాయ్?"
"సోతా, సోతా" అనేటోడు ఈయన.
నేను దగ్గేది, బీడీ అందిచ్చేది.
గంతే. గా ముచ్చట గంతే.

తెల్లారి సైటు నుంచొచ్చి
వాకిట్ల బూటు దులిపితె చిటికెడు ఇసుక రాలింది.
గుప్పిట వట్టుకొని లోపలికొచ్చిన,
ఎవలన్న సూస్తున్నరా అని సూసి
నాలుగో సొరుగు పట్టీల మీద జల్లిన.
ఒక్కపారి గుంజిన.
పాత గొంతు గాదు, కొంచెం బొంగురు.
అయినా లేస్తది.

పన్నెండు గొట్టినంక లేసింది.
"సోయా నహీ?"
చానా సేపు సప్పుడు లేదు.
తర్వాత సాయిలు:
"భాయ్, ఏడేండ్ల పిల్లకు బూట్లు ఏ నంబరొస్తయి?"

పొద్దుగాల లింబాద్రి దుప్పటి తన్ని లేసిండు.
"వారం తిరగలే, మళ్ళ షురువాయె!
నీ వడ్ల పని గింతేనా?"
గింతే అన్న.